అగ్నిపర్వత వాలు మీద మొదటి భూతాప బోరు: సన్నదా, పెద్దదా? ఎక్కడ, ఎంత లోతు?

రుషికొండ
మన విశాఖ కింద ఉన్నది ఖోండలైటు, చార్నొకైటు. అగ్నిపర్వతం ఊసే లేని నేల. అయినా ఈ చర్చ ఇక్కడ పెట్టడానికి కారణం ఉంది. కేజీ బేసిన్ రిగ్గుల మీద చేయి తిరిగినవాళ్లు ఈ ఊళ్లో చాలామంది. వాళ్లలో కొందరు ఇప్పుడు కెన్యా, ఇండోనేషియా భూతాప (భూమి లోపలి వేడితో కరెంటు తీసే) క్షేత్రాల వైపు చూస్తున్నారు. 2025 సెప్టెంబరులో కేంద్రం జాతీయ భూతాప విధానం ప్రకటించాక విద్యార్థులూ అడుగుతున్నారు. చమురు బావికీ దీనికీ తేడా ఎక్కడో తేలాలంటే ఒక ఊహా స్థలం పెట్టుకుని లెక్కలతో మాట్లాడుకోవడం మేలు.

స్థలం ఇది. ఆండసైటు అగ్నిపర్వతం, దక్షిణపు వాలు. పైన ఆవిరి బిలాలు. అక్కడి నుంచి 4 కిలోమీటర్లు దిగువన 82 డిగ్రీల వేడినీటి బుగ్గ. నీటిలో క్లోరైడు బాగా ఉంది, సిలికా లీటరుకు 300 మిల్లీగ్రాములు. ఎంటీ సర్వేలో (నేల కరెంటుని ఎంత అడ్డుకుంటుందో కొలిచేది) 300 నుంచి 700 మీటర్ల మధ్య 5 ఓమ్-మీటర్ల పొర, దాని కింద నిరోధం పెరుగుతోంది. ఉత్తర దక్షిణాలుగా నిటారు భ్రంశం (రాళ్లు జరిగిన పెద్ద పగులు) ఒకటి. రోడ్డు బుగ్గకీ బిలాలకీ సరిగ్గా మధ్య దాకా వెళుతుంది. చేతిలో ఉన్న డబ్బు ఒక పెద్ద బావికి సరిపోతుంది, అంతే. మొదటి బోరు ఎక్కడ వేస్తారు?

చార్నొకైట్
ముందు నీటి సంగతి. సిలికాని బట్టి లోపలి వేడిని అంచనా వేసే క్వార్ట్జ్ థర్మామీటరు సూత్రం: 1309ని (5.19 నుంచి సిలికా లాగరిథమ్ తీసేసిన సంఖ్యతో) భాగించి 273 తీసేయాలి. 300కి లాగరిథమ్ 2.477. తీసేస్తే 2.713. భాగిస్తే 482.5. అంటే సుమారు 209 డిగ్రీలు. ఇది కనీసపు అంకె అనుకోండి. దారిలో చల్లారుతూ కొంత సిలికా రాయి పగుళ్లలో పేరుకుపోతుంది, వాననీరు కలిస్తే ఇంకా పలచబడుతుంది. సోడియం, పొటాషియం నిష్పత్తి నెమ్మదిగా మారుతుంది కాబట్టి లోపలి వేడిని ఎక్కువకాలం గుర్తుంచుకుంటుంది. అది 260 చూపిస్తూ సిలికా 209 చూపిస్తే, నీళ్లు 260 దగ్గర బయల్దేరి 209 దగ్గర కాస్త ఆగి మీకు చేరాయని అర్థం.

ఇంకో మాట. క్లోరైడు నీళ్లు దిగువన, ఆవిరి ఎగువన ఉన్నాయంటే వేడి పైకి లేచే చోటు బిలాల కింద ఎక్కడో ఉంది. బుగ్గ దాని పక్కకి పారిన నీరు. బుగ్గ పక్కనే బోరు వేస్తే కొంత లోతు వరకు వేడి పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది. చాలా ప్రాజెక్టులు ఈ తిరగబడ్డ ఉష్ణోగ్రత రేఖ దగ్గరే ఆగిపోయాయి.

కోర్‌బాక్స్
రుషికొండ గారూ, నా ఓటు సన్నబోరుకే. అగ్నిపర్వతం కనిపించినంత మాత్రాన వేడి ఉంటుందన్న ధీమా వద్దు. అలాస్కాలో మౌంట్ స్పర్ 1992లో పేలిన పర్వతం. 2011లో దాని వాలు మీద 1,219 మీటర్లు కోరింగ్ (రాయిని కడ్డీలా కోసి బయటికి తీసే సన్నటి తవ్వకం) చేస్తే అడుగున 60 డిగ్రీలే. లావా అనుకున్నచోట గులకరాళ్ల పొరలు తగిలాయి. దీనికి పూర్తిగా ఎదురు హవాయిలో జరిగింది. మౌనా కెయా పాదం దగ్గర భూగర్భజలం కోసం 2013లో మొదలుపెట్టిన కోర్ బోరులో 1,760 మీటర్ల దగ్గర దాదాపు 140 డిగ్రీలు వచ్చాయి. పైన బుగ్గ గానీ ఆవిరి గానీ లేదు.

ఇంత అనిశ్చితిలో మొదటి బోరుకి పెట్టే డబ్బు జవాబు కోసం పెట్టాలి, కరెంటు కోసం కాదు. పైన హెచ్‌క్యూ, అంటే 96 మిల్లీమీటర్ల బోరు, 63.5 మిల్లీమీటర్ల కోర్. అది బిగుసుకుంటే ఎన్‌క్యూకి దిగాలి: 75.7 బోరు, 47.6 కోర్. 1,500 మీటర్ల వరకు ఇది ఇబ్బంది లేకుండా పోతుంది. ఖర్చు పెద్ద బావిలో సగం దరిదాపుల్లో, ఒక్కోసారి అంతకంటే తక్కువ. నీళ్లు నిమిషానికి వంద లీటర్ల చిల్లర చాలు. పెద్ద బావికి అడుగు భాగంలో నిమిషానికి 2,000 లీటర్లు దాటుతుంది. అంత నీటికి పైపులైను వేయడానికే కొండ మీద నెలలు పడుతుంది. డొమినికాలో 2011-12లో ముందు మూడు సన్నబోర్లు వేసి, వేడి తేలాకే పెద్దవి వేశారు.

గంగవరం రిగ్
కోర్‌బాక్స్ అన్నా, సగం నిజమే చెప్పావు. సన్నబోరు తనంతట తాను పొంగడం కష్టం. పొంగినా గోడ ఒరిపిడికీ, చల్లారడానికీ సగం ఒత్తిడి పోతుంది. ఉష్ణోగ్రత తేలుతుంది, రసాయనం తేలుతుంది. బావి ఎన్ని మెగావాట్లు ఇస్తుందో తేలదు. అప్పు ఇచ్చే బ్యాంకు అడిగేది ఆఖరిదే. పైగా కోరింగ్ రోజుకి 20-40 మీటర్లు, రోటరీ రిగ్ దానికి రెండింతలో మూడింతలో. రిగ్ అద్దె రోజుల లెక్కన కట్టాలి కదా.

ఇంకొకటి: భ్రంశం నిటారుగా ఉంది. నిటారు బోరు నిటారు పగులుని పక్కనుంచి తప్పించుకుపోతుంది. పెద్ద బావి అయితే 400 మీటర్ల దగ్గర వాలు మొదలుపెట్టి 20-25 డిగ్రీలు వంచి భ్రంశాన్ని అడ్డంగా కోయవచ్చు.

కోర్‌బాక్స్
వాలు సంగతి ఒప్పుకుంటాను. కోర్ రిగ్‌నే మొదటినుంచీ 10-15 డిగ్రీలు వంచి నిలబెట్టవచ్చు, అయితే దిశ మీద పట్టు అంత ఉండదు.

కానీ మెగావాట్లు ఒక్కటే కొలత అంటే ఒప్పుకోను. పూర్తి నష్టంలో, అంటే మడ్ (తవ్వేటప్పుడు బోరులో తిప్పే బురద నీరు) ఒక్క చుక్క కూడా పైకి తిరిగి రానప్పుడు, పెద్ద బావిలో రాళ్లపొడి పైకి రాదు. కిందేముందో తెలియకుండా గుడ్డిగా తవ్వుతారు. కోర్ మాత్రం వైర్‌లైన్ (తీగతో పైకి లాగే) గొట్టంలో వస్తుంది, నీరు తిరిగి రావాల్సిన పని లేదు. అసలు పగుళ్లు ఉండేది ఆ నష్టాల మండలంలోనే. ఆ రాయిని చేత్తో పట్టుకుని చూడగలగడం సన్నబోరు ఇచ్చే పెద్ద లాభం. పగులు గోడల మీద తెల్లటి క్వార్ట్జ్ మొనలు నిలబడి, మధ్యలో ఖాళీ ఉంటే ఆ దారి ఇంకా తెరిచే ఉంది. క్యాల్సైటో అన్‌హైడ్రైటో నిండుగా పట్టేసి ఉంటే ఒకప్పుడు నీరు పారింది, ఇప్పుడు మూసుకుపోయింది. లాగింగ్ (బోరులోకి దించి కొలిచే) పరికరం ఈ తేడాని ఇంత సూటిగా చెప్పలేదు.

మధురవాడ
అడ్డం వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇంత దూరం ఎందుకు, మన దేశానికి బారెన్ దీవి ఉంది కదా? పోర్ట్‌బ్లెయిర్ ఓడ మన రేవు నుంచే వెళ్తుంది. అక్కడ వేస్తే?

చార్నొకైట్
బారెన్ దీవి పోర్ట్‌బ్లెయిర్‌కి ఈశాన్యంగా 135 కిలోమీటర్లకు పైగా దూరం. మనుషులు లేరు, కరెంటు వాడేవాళ్లు లేరు. చుట్టూ సముద్రం రెండు వేల మీటర్ల లోతు దాటుతుంది, కేబుల్ వేయడం మాటలు కాదు. 1991 నుంచి విడతలు విడతలుగా పేలుతూనే ఉంది. రిగ్ నిలిపే ప్యాడ్ వేసే చదును నేల లావా దారిలోనే ఉంటుంది.

మన దేశంలో ఇప్పటిదాకా పని జరిగిన చోట్లు అగ్నిపర్వతాలవి కావు. లద్దాఖ్ పుగా లోయ 4,400 మీటర్ల ఎత్తున ఉంది. 1970లలో జీఎస్ఐ (భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ) వేసిన ముప్పైకి పైగా బోర్లలో ఏదీ 400 మీటర్లు దాటలేదు. మనకి దగ్గర్లోది మణుగూరు పక్కన పగిడేరు. అక్కడ గోదావరి లోయ అవక్షేప శిలల నుంచి వేడినీరు తనంతట తానే పైకి వస్తోంది. సింగరేణి దాని మీద 20 కిలోవాట్ల ప్రయోగ ప్లాంటు పెట్టింది. ఆ రకం నీటికి కేసింగ్ (బోరులో దించే ఉక్కు గొట్టం) బాధలు అంతగా ఉండవు. రుషికొండ గారి ప్రశ్న 200 డిగ్రీలు దాటే చోట్ల గురించి.

ఉక్కునగరం
మరి కేసింగ్ ఎంత లోతు దించాలి? చమురు బావిలో పోర్ ప్రెషర్ (రాయి సందుల్లోని ఒత్తిడి), ఫ్రాక్చర్ గ్రేడియంట్ (రాయి పగిలే ఒత్తిడి) గీసుకుని షూ (కేసింగ్ అడుగు కొన) లోతులు నిర్ణయిస్తాం. ఇక్కడా అంతేనా?

గంగవరం రిగ్
గీసే బొమ్మ అదే, అందులో వేసే గీతలు వేరు. న్యూజీలాండ్ ప్రమాణం 2403 ఇందుకు ఆధారం. 2015 కూర్పు దగ్గర పెట్టుకోండి.

మొదటి గీత మరుగు రేఖ. ప్రతి లోతు దగ్గరా నీరు ఆ ఒత్తిడికి మరిగే ఉష్ణోగ్రత వద్ద ఉందనుకోండి. 100 మీటర్ల దగ్గర సుమారు 180 డిగ్రీలు, 500 దగ్గర 250, 1,000 దగ్గర 300కి కాస్త తక్కువ, 2,000 దగ్గర 340 చిల్లర. ప్రకృతిలో ఇంతకంటే వేడి నీటిరూపంలో ఉండదు కాబట్టి ఇదే హద్దు. వేడినీరు తేలిక కనుక 2,000 మీటర్ల దగ్గర ఒత్తిడి 196 బార్లు ఉండదు, సుమారు 147 ఉంటుంది.

రెండో గీత ఆవిరిది. అడుగున 147 బార్లతో మొదలై బావి మొత్తం ఆవిరితో నిండిపోయిందనుకోండి. ఆవిరికి బరువు బాగా తక్కువ. 600 మీటర్ల దగ్గర కూడా ఇంకా 135 బార్ల దాకా ఉంటుంది. మూడో గీత పైరాయి బరువు. సాంద్రత 2.2 అనుకుంటే 600 మీటర్ల దగ్గర 129 బార్లు. అంటే అక్కడ షూ పెట్టి బావి తల వాల్వు మూస్తే లోపలి ఆవిరి పైరాయినే ఎత్తేస్తుంది. ఆవిరి కేసింగ్ బయటినుంచి పగుళ్లు వెతుక్కుని ప్యాడ్ పక్కన పైకి లేస్తుంది. 800 దగ్గర రాయి 172, ఆవిరి 138, అక్కడ భద్రం. రాయి పగిలే ఒత్తిడి పైరాయి బరువు కంటే తక్కువే ఉంటుంది కాబట్టి ఆ తేడా మొత్తం మనదే అనుకోకూడదు. న్యూజీలాండ్ వైరాకెయిలో 1960లో 204వ బావి అదుపు తప్పి నేలలోనే బిలం చేసుకుని ఏళ్ల తరబడి ఆవిరి కక్కింది. షూ లోతు గురించి ఇంతసేపు చెప్పడం అందుకే.

పెద్ద బావికి మామూలు వరస: 26 అంగుళాల బోరులో 20 కేసింగ్, 17 1/2లో 13 3/8, 12 1/4లో 9 5/8, అడుగున 8 1/2 బోరులో 7 అంగుళాల చీలికల లైనరు (నీరు లోపలికి వచ్చేలా చీలికలున్న గొట్టం). లైనరుకి సిమెంటు ఉండదు. మిగతా అన్నిటికీ షూ నుంచి నేల దాకా నిండా సిమెంటు. చమురు బావిలో లాగా సగం దాకా పోసి వదిలేయడం ఇక్కడ కుదరదు.

ఉక్కునగరం
నిండా ఎందుకు? సిమెంటు ఖర్చు, నష్టాల బెడద రెండూ పెరుగుతాయి కదా.

గంగవరం రిగ్
ఉక్కు వ్యాకోచం వల్ల. వెయ్యి మీటర్ల కేసింగ్ 200 డిగ్రీలు వేడెక్కితే 2.4 మీటర్లు పెరగాలి. సిమెంటు పట్టి ఉంచితే పెరగలేక ఒత్తుకుంటుంది: డిగ్రీకి సుమారు 2.5 మెగాపాస్కల్. 200 డిగ్రీలకి 500. కే-55 ఉక్కు లొంగే హద్దు 379. అంటే 150 డిగ్రీలు దాటగానే గొట్టం శాశ్వతంగా కుదించుకుపోతుంది. మళ్లీ చల్లబరిస్తే లాగుడు మొదలై జాయింటు ఊడుతుంది. అందుకే బట్రెస్ మరలు వాడాలి, బావిని పదేపదే వేడి చేసి చల్లార్చకూడదు, చంపాల్సి (పొంగు ఆపాల్సి) వస్తే నీళ్లు నెమ్మదిగా పంపాలి. ఇంకా గట్టి ఉక్కు వేసేద్దామంటే హైడ్రోజన్ సల్ఫైడ్ దాన్ని పెళుసు చేసి చీలుస్తుంది. మెత్తటి కే-55నే చాలామంది వాడడానికి కారణం అదే.

ఎక్కడో ఇరవై మీటర్లు సిమెంటు పట్టకుండా వదిలేస్తే అక్కడ గొట్టం పక్కకి వంగుతుంది. ఇంతకంటే చేటు రెండు కేసింగుల మధ్య చిక్కుకున్న నీరు. తప్పించుకునే దారి లేని నీరు వేడెక్కితే డిగ్రీకి 7 నుంచి 15 బార్లు పెరుగుతుంది. 9 5/8 అంగుళాల 40 పౌన్ల కే-55 గొట్టం 177 బార్ల దగ్గర లోపలికి నలిగిపోతుంది. లెక్క వేసుకోండి, ఇరవై ముప్పై డిగ్రీలు చాలు. బావి పొంగించిన మొదటి రోజే నలిగిన గొట్టాలు ఉన్నాయి.

సీతమ్మధార సిమెంట్
సిమెంటు మీద కొంచెం. క్లాస్ జీ (బావులకి వాడే సిమెంటు రకం) ఒక్కటే పోస్తే 110 డిగ్రీలు దాటాక బలం పడిపోతుంది, సందులు పెరిగి నీరు దూరుతుంది. అందుకే సిమెంటు బరువులో 35 నుంచి 40 శాతం సిలికా పొడి కలపాలి. ఉత్త ఇసుక చాలదు, పిండి అంత మెత్తగా ఉండాలి.

ఎంత పోయాలి అనే లెక్క: 17 1/2 బోరులో 13 3/8 గొట్టం చుట్టూ మీటరుకి 64.5 లీటర్లు. 300 మీటర్లకి 19.4 ఘనమీటర్లు. ఇది కాగితం మీది అంకె. బోరు గోడలు విరిగి వెడల్పవుతాయి, పగుళ్లు తాగేస్తాయి. అదనంగా ఇంకో నూరు శాతం సిద్ధంగా పెట్టుకోకుండా పంపు మొదలుపెట్టకండి. 20, 13 3/8 కేసింగులకి లోపల డ్రిల్ పైపు దింపి షూ దగ్గర గుచ్చి పోయడమే మేలు. మిశ్రమం పైకి రాగానే ఆపవచ్చు, గొట్టం లోపల ఘనమీటర్ల కొద్దీ సిమెంటు మిగలదు.

పైకి రాకపోతే? మొదట పోసింది షూ దగ్గర గట్టిపడనివ్వాలి. తర్వాత పక్క సందులోంచి నీళ్లు పంపి దారి తెరిచి ఉందో లేదో చూసి, పైనుంచి నింపాలి. ఇక్కడ చాలామంది తొందరపడతారు. పైనుంచి పోసిన సిమెంటుకీ కింది సిమెంటుకీ మధ్య నీటి పొర మిగిలితే గంగవరం గారు చెప్పిన 177 బార్ల కథే జరుగుతుంది. రెండు కేసింగుల మధ్య అయితే పైనుంచి నింపడం కంటే మొదటి విడతలోనే గెలవాలి. దానికి ముందే బోరులోని నష్టాల మండలాలను సిమెంటు ప్లగ్గులతో మూసి రావాలి. ఒక ప్లగ్గుకి పోసి, గట్టిపడనిచ్చి, మళ్లీ తవ్వడానికి రోజు పడుతుంది. ఐదారు ప్లగ్గులు పడ్డా ఆ రోజులు దండగ కావు.

సన్నబోరుకి ఇంకో చిక్కు ఉంది కోర్‌బాక్స్ గారూ. పీక్యూ బోరు 122.6 మిల్లీమీటర్లు, 4 1/2 కేసింగ్ 114.3. చుట్టూ మిగిలేది 4 మిల్లీమీటర్లు. అందులో సిమెంటు సమంగా ఎక్కదు. 6 1/4 అంగుళాలకి వెడల్పు చేసి దించండి. లోపలి నుంచి హెచ్‌క్యూ ఎలాగూ పడుతుంది.

రాజమండ్రి రోడ్డు
కేజీలో ఒత్తిడి ఎక్కువగా ఉన్న బావుల్లో మంగంపేట బెరైటీస్ కలిపి మడ్ బరువు పెంచి కిక్ (బావిలోకి ఒత్తిడితో దూసుకొచ్చే ద్రవం) ఆపుతాం. ఇక్కడ ఎంత బరువు వాడతారు?

గంగవరం రిగ్
బెరైటు ఒక్క బస్తా కూడా వద్దు మాస్టారూ. చమురు అలవాటుతో వచ్చినవాళ్లు మార్చుకోవాల్సిన మొదటి ఆలోచన ఇదే.

అగ్నిపర్వత క్షేత్రంలో నీటిమట్టం సాధారణంగా చాలా కింద ఉంటుంది. 300 మీటర్ల కింద ఉందనుకోండి. 1,000 మీటర్ల దగ్గర రాయిలోని వేడినీటి ఒత్తిడి 60 బార్లు. బావి నిండా చల్లటి మంచినీరు ఉంటే 98. బరువేమీ కలపకుండానే 38 బార్లు ఎక్కువ. పగులు తగలగానే నీరంతా అందులోకి పోతుంది. అప్పుడు బావిలో మట్టం కూడా 300 మీటర్లకి దిగిపోతుంది. ప్రమాదం అక్కడ మొదలవుతుంది. 400 మీటర్ల దగ్గర కేసింగ్ వెయ్యని ఆవిరి పొర ఉందనుకోండి, 240 డిగ్రీలు, 33 బార్లు. దాని మీద ఇప్పుడు మిగిలింది వంద మీటర్ల నీరు, 10 బార్లు. ఆవిరి బావిలోకి దూకుతుంది. కింద నష్టం, పైన కిక్, రెండూ ఒకేసారి.

మందు బరువు కాదు, చల్లదనం. కిల్ లైన్ (బావి తల దగ్గర నీరు పంపే గొట్టం) లోంచి పక్క సందులోకి చల్లటి నీరు ఆపకుండా పంపాలి, ఆవిరి నీరైపోతుంది. అందుకే ప్యాడ్ మీద రెండో పంపు, రెండో డీజిల్ ఇంజను, నింపి ఉన్న చెరువు లేనిదే కేసింగ్ షూ దాటకూడదు. పంపు ఆగితే డ్రిల్ పైపుని షూలోకి లాగేసుకోవాలి. నీరు కదలకుండా ఉన్న ప్రతి నిమిషం బావి వేడెక్కి మరుగుకి దగ్గరవుతుంది. బీఓపీ (అత్యవసరంలో బావి నోరు మూసే పరికరం) రబ్బర్లు కూడా ఆ వేడికే చెడతాయి. అవి పనిచేసేది వాటిని చల్లగా ఉంచినంత సేపే.

మడ్ సంగతి. ప్రొడక్షన్ కేసింగ్ (లైనరుకి పైనున్న ఆఖరి కేసింగ్) షూ దాకా బెంటోనైటు మట్టి కలిపిన మడ్, లిగ్నైటుతో పలచన చేస్తూ. వేడికి బెంటోనైటు గడ్డకడుతుంది కాబట్టి కూలింగ్ టవరు తప్పనిసరి. షూ కింద మడ్ ఆపేసి మంచినీరు మాత్రమే, ప్రతి పైపు కలిపేముందు రాళ్లపొడిని ఊడ్చడానికి ఒక విడత జిగురు ద్రవం. షూ కింద మడ్ వాడితే మనం వెతుకుతున్న పగుళ్లనే మనం కాల్చిన మట్టితో మూసేసినట్టు. నష్టాన్ని చూసి చమురువాళ్లు భయపడతారు. ఇక్కడ షూ పైన నష్టం శత్రువు, షూ కింద నష్టమే మనకు కావలసింది.

కోర్‌బాక్స్
ఆ చివరి వాక్యం దగ్గర ఒక జాగ్రత్త. నష్టాల్లో రాళ్లపొడి పైకి రాదు, పగుళ్లలోకి పోతుంది. పంపు ఆగగానే అదంతా వెనక్కి జారి బిట్ మీద కూర్చుంటుంది. పైపు ఇరుక్కునేవి ఎక్కువగా ఇలాంటివే. గాలి కలిపిన నీటితో తవ్వితే ఒత్తిడి సమంగా ఉండి పొడి కొంతైనా పైకి వస్తుంది. కంప్రెసర్ల ఖర్చు ఉంది, కానీ ఒక్క డ్రిల్ స్ట్రింగు పోగొట్టుకోవడంతో పోలిస్తే తక్కువే.

రుషికొండ
ఎంటీలో 300-700 పొర గురించి ఎవరూ చెప్పలేదు. అది మట్టి మూత (వేడినీటి మీద కప్పుగా ఉండే మట్టి పొర) అనుకుంటే ప్రొడక్షన్ షూ 700 కింద పెట్టాలా? తవ్వుతున్నప్పుడు అది దాటామని ఎలా తెలుస్తుంది?

చార్నొకైట్
స్మెక్టైటు అనే మట్టి ఖనిజం వల్ల ఆ పొర కరెంటుని బాగా ప్రవహింపజేస్తుంది. 180-200 డిగ్రీల దగ్గర అది ఇల్లైటుతో కలగాపులగమై, 220 దాటితే పూర్తిగా ఇల్లైటు అవుతుంది. నిరోధం పెరగడం అక్కడే. రిగ్ దగ్గర దీన్ని పట్టుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఐదు మీటర్లకోసారి రాళ్లపొడి తీసి, మెత్తగా నూరి, నీటిలో కలిపి, మిథిలీన్ బ్లూ చుక్కలు వేస్తూ వడపోత కాగితం మీద అద్దాలి. నీలం చుక్క చుట్టూ లేత నీలి వలయం ఎప్పుడు నిలుస్తుందో చూడాలి. స్మెక్టైటు ఎక్కువుంటే చాలా రంగు తాగుతుంది. లోతు పెరిగేకొద్దీ తాగే రంగు పడిపోతుంటే మూత అడుగుకి వచ్చేశాం.

ఆ తర్వాత కళ్లు ఎపిడోటు అనే ఖనిజం మీద పెట్టాలి. ట్రేలో కడిగిన పొడిని చేతి లెన్సు కింద చూస్తే పిస్తా పచ్చటి రవ్వలు, కొన్ని సన్నటి సూదుల కట్టల్లా ఉంటాయి. క్లోరైటు పచ్చ వేరు, అది మురికిగా, మెత్తగా ఉంటుంది. ఎపిడోటు నిలకడగా కనబడుతోందంటే 240-250 డిగ్రీలు. ఆక్టినోలైటు వస్తే 280 దాటింది. ప్రొడక్షన్ షూ ఎపిడోటు మొదలైన కాసేపటికి గట్టి రాయిలో పెట్టడం ఆనవాయితీ.

కానీ ఖనిజాలు చెప్పేది ఏదో ఒకనాటి వేడి. రాయి ఆ తర్వాత చల్లారిపోయినా ఎపిడోటు అలాగే ఉంటుంది. ఎపిడోటు 250 అంటూ, థర్మామీటరు 170 అంటే థర్మామీటరునే నమ్మండి. ఆ క్షేత్రం చల్లారుతోంది, లేదా వేడి మరో పక్కకి జరిగింది.

మధురవాడ
శిలాద్రవమే తగిలితే?

చార్నొకైట్
తగిలింది. హవాయి పూనాలో 2005లో సుమారు 2,488 మీటర్ల దగ్గర, ఐస్‌లాండ్ క్రాఫ్లాలో 2009లో 2.1 కిలోమీటర్ల దగ్గర, కెన్యా మెనెంగాయిలోనూ. క్రాఫ్లా బావిలో పైపు పదేపదే ఇరుక్కుంది, చివరికి రాళ్లపొడికి బదులు రయొలైటు గాజు ముక్కలు పైకి వచ్చాయి. దాన్ని వదలకుండా బావిగా మార్చారు. బావి తల దగ్గర 450 డిగ్రీల ఆవిరి, 36 మెగావాట్ల వరకు ఇవ్వగలదని అంచనా. ఆ ఆవిరిలోని ఆమ్లవాయువు చల్లబడగానే లోహాన్ని తినేది, సిలికా దుమ్ము వాల్వులను గీకేది. 2012లో మాస్టర్ వాల్వు చెడితే చల్లటి నీరు పోసి చంపారు, ఆ చల్లదనానికి కేసింగ్ దెబ్బతింది. గంగవరం గారు చెప్పిన లాగుడు అదే.

గంగవరం రిగ్
విష వాయువు మాట ఎవరూ ఎత్తలేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు, బావి తల కింది గుంటలో నిలుస్తుంది. కార్బన్ డయాక్సైడూ అంతే. అలారం 10 పీపీఎంకి పెట్టండి. 100 దాటితే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన పోయిందంటే గ్యాసు పోయిందని కాదు. గాలి లేని తెల్లవారుజామున గుంటలోకి ఒంటరిగా ఎవరినీ దించకండి. గాలి దిశ చూపే గుడ్డ రెండు చోట్ల కట్టండి, గుమిగూడే చోట్లు కూడా రెండుండాలి.

రుషికొండ
సరే. సన్నబోరుకే మొగ్గు కనబడుతోంది. 1,500 మీటర్లు, రోడ్డు ఆగిన చోటే, కోర్‌బాక్స్ గారి పద్ధతిలో వేశాం అనుకుందాం. అయ్యాక ఏ పరీక్షలు, ఏ వరసలో? నా ఊహా అంకెలు కింద పెడుతున్నాను, చదివి చెప్పండి.

నీరు పంపే పరీక్ష: సెకనుకి 2 లీటర్ల దగ్గర లోపలి ఒత్తిడి 62 బార్లు, 6 లీటర్ల దగ్గర 64. నీటిమట్టం 150 మీటర్లు. ఉష్ణోగ్రత: 900 మీటర్ల దగ్గర 1వ రోజు 140, 7వ రోజు 210, 28వ రోజు 214. 1,400 దగ్గర 1వ రోజు 95, 7వ రోజు 168, 28వ రోజు 181. ఒత్తిడి రేఖలన్నీ 920 మీటర్ల దగ్గర ఒకదాన్నొకటి కోసుకున్నాయి.

కోర్‌బాక్స్
వరస మీరు పెట్టిందే. డ్రిల్లింగ్ ఆగాక ముందు మంచినీటితో బోరు కడగాలి. నీరు పంపుతూనే ఒకసారి ఉష్ణోగ్రత లాగ్ తీయాలి. చల్లటి నీరు ఎక్కడ బయటికి పోతోందో అక్కడ రేఖ విరుగుతుంది. తర్వాత మూడు మెట్ల పంపింగ్, మెట్టుకి రెండు మూడు గంటలు. ఆ మీదట నీరు ఆపేసి 1, 3, 7, 14, 28 రోజులకి లాగులు. మొదటి రోజు రేఖ చూసి ఎవరికీ ఫలితం చెప్పకండి, అది రాయి వేడి కాదు, మీరు పోసిన నీటి చల్లదనం.

మీ అంకెలు చూస్తే: 4 లీటర్లకి 2 బార్లు, అంటే బారుకి సెకనుకి 2 లీటర్లు. సన్నబోరుకి ఇది బాగున్నట్టే. 1 కంటే తక్కువైతే రాయి బిగుసుకుని ఉందనేవాణ్ణి.

చార్నొకైట్
ఒత్తిడి రేఖలు కోసుకున్న 920 ముఖ్యం. బావి వేడెక్కేకొద్దీ నీటి బరువు మారి ఒత్తిడి అంతటా మారుతుంది, రాయితో ముడిపడ్డ చోట మాత్రం మారదు. మీ ప్రధాన పగులు అక్కడే. 900 దగ్గర ఏడో రోజుకే 210 వచ్చి ఆగిపోవడం కూడా అదే చెబుతోంది: పగుళ్లున్న చోటు త్వరగా వేడెక్కుతుంది, 1,400లోని బిగుతు రాయికి ఇంకా సమయం పట్టింది. 214 అనేది బుగ్గ సిలికా చెప్పిన 209కి పక్కనే ఉంది. అంటే బుగ్గకి వెళ్లే నీటినే మీరు దారిలో పట్టుకున్నారు. 750 మీటర్ల నీటి స్తంభం కింద మరుగు 275 దరిదాపు, కాబట్టి అది నీరే, ఆవిరి కాదు.

1,400 దగ్గర 181 ఇంకా కాస్త పెరుగుతుంది గానీ 214ని దాటే తీరు కనబడటం లేదు. రేఖ తిరగబడింది. ఇంకా లోతుకి తవ్వకండి.

గంగవరం రిగ్
అలా అయితే పెద్ద బావి ఇక్కడ వద్దన్నమాట. నా వాదన ఈ అంకెల ముందు నిలవదు. పెద్దది వేసి ఉంటే డబ్బంతా ఈ పక్క పారుదలలోనే పోయేది. ఐఎఫ్‌సీ (ప్రపంచ బ్యాంకు బృందంలోని సంస్థ) 2013లో 2,600 బావులకి పైగా పరిశీలించి అన్వేషణ దశలో నెగ్గినవి 59 శాతం, క్షేత్రం నడుస్తున్న దశలో వేసినవి 83 శాతం అని తేల్చింది. ఆ రెండంకెల మధ్య ఉన్న తేడా ఇలాంటి బోర్లు సంపాదించేదే.

కోర్‌బాక్స్
మిగిలిన డబ్బుతో రోడ్డు ఉత్తరానికి, బిలాలకి కిలోమీటరు దగ్గరి దాకా పొడిగించండి. రెండో సన్నబోరు భ్రంశానికి తూర్పు పక్క నిలబెట్టి పడమటికి 12 డిగ్రీలు వంచండి. 4 1/2 కేసింగ్ ఈసారి 500 మీటర్ల దాకా దించాలి, బిలాల దగ్గర ఆవిరి పొర తక్కువ లోతులోనే తగులుతుంది. మొదటి బోరుని పూడ్చకండి. 920 దగ్గరికి కేపిలరీ (వెంట్రుకలా సన్నటి) గొట్టం దించి ఒత్తిడి కొలుస్తూ ఉండండి. రెండోదాన్ని పొంగించినప్పుడు ఇక్కడ ఒత్తిడి పడితే రెండూ ఒకే జలాశయం.

రుషికొండ
రెండో బోరు కేసింగ్ బొమ్మ, మరుగు రేఖ, పైరాయి బరువు గీతలతో సహా రేపు సాయంత్రానికి పెడతాను. సీతమ్మధార గారూ, 6 1/4 బోరులో 4 1/2కి సిలికా 40 శాతంతో సిమెంటు లెక్క మీరు ఒకసారి సరిచూడాలి.

సీతమ్మధార సిమెంట్
పెట్టండి. మీటరుకి 9.5 లీటర్లు వస్తుంది, 500కి 4.8 ఘనమీటర్లు. నష్టాలు ఎక్కడెక్కడ వచ్చాయో మొదటి బోరు రోజువారీ నివేదికలోంచి లోతులతో రాయండి. అవి చూశాకే అదనం ఎంతో చెబుతాను.